చెప్పాలా వద్దా అన్నది రెండో ప్రశ్న

ముప్పై మూడేళ్ళ నటుడొకరు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు రాయలేదు, రాయనక్కర్లేదు కూడా. ఆనవాలు పట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చి సారాంశం ఇస్తున్నాం.

సీరియళ్ళతో మొదలుపెట్టి సినిమాల్లోకి వచ్చారు. రెండు బాగా ఆడాయి, మూడోది ఆరు వారాల్లో విడుదల. ఆయన గే. ఆ సంగతి పదిహేనో ఏటి నుంచే తనకు తెలుసు. ఆరేళ్ళుగా ఒకరితో కలిసి ఉంటున్నారు. అతను చుట్టుపక్కలవాళ్ళకు 'కజిన్', షూటింగుల్లో 'మేనేజర్ గారి ఫ్రెండ్'. మొన్నామధ్య అర్ధరాత్రి అతనికి అపెండిసైటిస్ నొప్పి వచ్చి ఆపరేషన్ దాకా వెళ్ళింది. ఈయన ఆస్పత్రి పార్కింగులో కారు అద్దాలు ఎత్తుకుని మూడు గంటలు కూర్చున్నారు. లోపలికి వెళ్ళాలంటే రిజిస్టర్‌లో 'పేషెంటుకు ఏమవుతారు' అన్న గడి నింపాలి. ఆ గడిలో ఏం రాయాలో తోచక వెళ్ళలేదు. తెల్లారాక వార్డు బాయ్ చేతికి ఫోన్ ఛార్జర్ ఇచ్చి పంపారు. అతను ఇంటికొచ్చి గొడవేం పడలేదట. "ఈసారి నుంచి ఛార్జర్ నా బ్యాగులోనే పెట్టుకుంటాలే" అన్నాడట, అంతే.

ఇంకోవైపు, ఈయనకూ కొత్త సినిమా హీరోయిన్‌కూ మధ్య ఏదో నడుస్తోందని పబ్లిసిటీ వాళ్ళు పుకారు పుట్టించారు. ఆ అమ్మాయికి అసలు విషయం తెలియదు. ఆమె నవ్వి ఊరుకుంటోంది గానీ, 'పెళ్ళెప్పుడు' అని వాళ్ళింటికి ఫోన్లు వెళ్తున్నాయి. ఒక గాసిప్ పేజీ పేరు రాయకుండా పోలికలు మాత్రం చెప్పి, 'ఈ హీరో రహస్యం త్వరలో' అని ఊరిస్తోంది. రెండేళ్ళ ప్రకటన ఒప్పందం సంతకానికి సిద్ధంగా ఉంది, అందులో 'బ్రాండ్ ప్రతిష్ఠకు భంగం కలిగితే రద్దు' అన్న షరతు ఉంది. అమ్మ పెళ్ళి చేసుకోమని పోరుతోంది. తాను గే అని ఎప్పుడో అందరికీ చెప్పి బయటపడిన స్నేహితుడొకడు, "నీలాంటివాళ్ళే నోరు విప్పకపోతే మాకెవడు దిక్కు? నువ్వు పిరికివాడివి" అన్నాడు. పందొమ్మిదేళ్ళ కుర్రాడొకడు, "హీరోల్లో ఒక్కరైనా నాలా ఉండి ఉంటే ఇంట్లో చెప్పుకోగలిగేవాణ్ణి" అని మెసేజ్ పెట్టాడు. రెండు నెలలైనా దానికి జవాబివ్వలేకపోయారు.

ఉత్తరం చివర ఆయన అడిగింది ఇది: "నేను బయటపడాలా? పడకపోతే మోసగాణ్ణేనా?"

మీరు ఒక్క ప్రశ్న అడిగాననుకుంటున్నారు. ఉత్తరంలో ఐదున్నాయి: ఆస్పత్రి, ఆ అమ్మాయి, ఒప్పందం, గాసిప్ పేజీ, ఆ కుర్రాడు. ఐదూ ఒకదాన్నొకటి చుట్టుకుని 'లోకానికి చెప్పాలా వద్దా' అన్న ఒకే చిక్కుముడిగా కనిపిస్తున్నాయి. విప్పి చూస్తే వీటిలో చాలావాటికి లోకంతో పనే లేదు. వాటిని ముందు తేల్చుకోండి. ఆ తర్వాత మిగిలే ప్రశ్నకు మీ జవాబు అవునైనా కాదైనా, అది భయంలో ఇచ్చిన జవాబు కాకుండా ఉంటుంది.

ముందుగా ఒక తేడా చెప్పాలి. మీరెవర్ని ప్రేమిస్తున్నారో చెప్పకపోవడం ఒకటి, లేని ప్రేమను ఉన్నట్టు చూపించడం మరొకటి. మొదటిది మీ హక్కు. దానికి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు, మీ స్నేహితుడికి కూడా. ఇంటి సంగతులు గుమ్మం దాటనివ్వని స్ట్రెయిట్, అంటే గే కాని నటులు ఎంతమంది లేరు? వాళ్ళనెవరూ మోసగాళ్ళనరు. రెండోదానికి మాత్రం ఎప్పుడూ ఎవరో ఒక మూడో మనిషి మూల్యం చెల్లించాల్సి వస్తుంది.

పైగా మౌనాన్ని ఏ రోజైనా వదిలెయ్యొచ్చు, ఖండనను వదిలించుకోలేం. పియానో కళాకారుడు లిబరాచీ సంగతి చూడండి. తాను గే అని ధ్వనించేలా రాసిన లండన్ పత్రిక డైలీ మిర్రర్ మీద దావా వేశాడు. కాదని కోర్టులో ప్రమాణం చేసి మరీ చెప్పి, 1959లో 8,000 పౌండ్ల పరిహారం గెలిచాడు. ఆ గెలుపే అతని కాళ్ళకు సంకెలైంది. 1987లో చనిపోయేదాకా కాదంటూనే ఉండాల్సి వచ్చింది. కాబట్టి ఏ దారి ఎంచుకున్నా సరే, 'నేను అలాంటివాణ్ణి కాదు' అన్న మాట ఇవాళ్టి నుంచి మీ నోట రాకూడదు. అది అబద్ధమన్నది ఒక సంగతి. 'అలాంటివాణ్ణి' అన్న మాటలో ఉన్న ఈసడింపు ఆ పందొమ్మిదేళ్ళ కుర్రాడికి వినిపిస్తుందన్నది ఇంకో సంగతి.

అందుకే హీరోయిన్ విషయంతో మొదలుపెట్టమంటాను. ఆ పుకారు మీరు పుట్టించింది కాకపోవచ్చు, కానీ దాని నీడలో మీరు తలదాచుకుంటున్నారు. రేపు మీ సంగతి బయటికొస్తే జనం ముందు జాలిపడేది, వెక్కిరించేది ఆ అమ్మాయినే. ఆపడానికి పెద్ద కారణాలు చెప్పక్కర్లేదు. పబ్లిసిటీ బృందానికి మేనేజర్ ద్వారా మెయిల్ పెట్టించండి: ప్రచారం కథ మీద, పాత్రల మీద ఉండాలి, మా ఇద్దరి వ్యక్తిగత విషయాల మీద వద్దు, ఇద్దరినే విడిగా పిలిచే ఇంటర్వ్యూల్లో దర్శకుడు కూడా ఉండాలి. ఫోన్లో చెబితే 'సరే సర్' అని మర్చిపోతారు, రాతలో ఉంటే గుర్తుంటుంది. తర్వాత ఆ అమ్మాయికి మీరే ఫోన్ చేసి, "ఈ ప్రచారం ఆపమన్నాను, మీకు ఇబ్బంది అవుతున్నా ఇన్నాళ్ళూ ఊరుకున్నందుకు సారీ" అనండి. మీరు గే అని ఆమెకు చెప్పాల్సిన పని లేదు, చెప్పదలిస్తే అది వేరే రోజు పెట్టుకోండి. మీరు ఇది ఆపితే నిర్మాత కాస్త చిరాకు పడతాడు, మొదటి వారం ఇంటర్వ్యూలు రెండు తగ్గుతాయి. నష్టం ఇంతే.

అమ్మ అడుగుతున్న పెళ్ళి కూడా ఈ కోవలోదే. మిగతా అన్నింట్లో దారులు చూపిస్తాను గానీ, ఈ ఒక్కదాంట్లో నా అభిప్రాయం దాచను: పరదా కోసం పెళ్ళి వద్దు. రాక్ హడ్సన్ హాలీవుడ్‌లో పెద్ద హీరోగా ఉన్నప్పుడు, పత్రికల్లో గుసగుసలు ముదురుతున్న రోజుల్లో, 1955లో తన ఏజెంటు దగ్గర పనిచేసే సెక్రటరీని పెళ్ళి చేసుకున్నాడు. మూడేళ్ళలో విడాకులయ్యాయి. హడ్సన్ పేరు నిలిచింది, ఆమె మాత్రం జీవితాంతం 'ఆ పెళ్ళి గురించి చెప్పండి' అన్న ప్రశ్న మోసింది. అవతలి మనిషికి అన్నీ తెలిసి, ఆమెకూ అదే అవసరమై చేసుకునే ఒప్పందపు పెళ్ళిళ్ళు ఉన్నాయి. వాటిలోనూ రెండు కుటుంబాల ముందు, ఒక్కోసారి పుట్టబోయే పిల్లల ముందు ఆడాల్సిన నాటకం ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆరేళ్ళుగా మీతో ఉంటున్న మనిషి ఆ నాటకంలో ఎక్కడుంటాడో కూడా ఆలోచించండి.

ఇప్పుడు ఆస్పత్రి. ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువసేపు పట్టి ఆపింది ఈ భాగమే. ఆ రాత్రి మిమ్మల్ని కారులో కూర్చోబెట్టింది పత్రికలు కాదు, ఒక గడి. ఆ గడికి ముందే జవాబు రాసిపెట్టుకోవచ్చు. స్పృహలో లేనప్పుడు నా చికిత్స గురించి ఫలానా వ్యక్తి నిర్ణయాలు తీసుకోవచ్చు, అతన్ని లోపలికి రానివ్వండి అని ఇద్దరూ ఒకరి పేరున ఒకరు రాసుకునే అధికార పత్రం ఒకటి. దాని రూపం, పేరు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి లాయరు చేత రాయించాలి. రెండు కాపీలు ఉండాలి, ఒకటి ఫోన్‌లో, ఒకటి పర్సులో. బ్యాంకు ఖాతాలకు, బీమాకు నామినీ మార్పు. వీలునామా. ఇల్లు ఒకరి పేరునే ఉంటే రెండోవారికి హక్కు ఏమిటో తేల్చే కాగితం. నామినీ అనగానే ఆస్తి అతనిదే అయిపోతుందనుకునేవాళ్ళు చాలామంది. చాలాచోట్ల నామినీ డబ్బు చేతికి తీసుకునేవాడే గాని వారసుడు కాదు, అందుకే వీలునామా విడిగా కావాలి. రిజిస్టర్ గడిలో 'స్నేహితుడు, అధికార పత్రం ఉంది' అని రాస్తే చాలు. 'స్నేహితుడు' అన్న మాట అబద్ధమేమీ కాదు.

వీటిలో దేనికీ ప్రెస్ మీట్ అక్కర్లేదు. కానీ ఆ ఛార్జర్ మాట అన్న మనిషికి కాగితాలతో పూర్తిగా ఊరట దొరకదు. ఆయన ఏం కోరుకుంటున్నారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అడిగారా? మీరు బయటపడితే ఆయన కూడా బయటపడ్డట్టే. పేరు చెప్పకపోయినా రెండు రోజుల్లో ఆయన ఆఫీసు, తల్లిదండ్రుల ఇల్లు వెతికి పట్టుకుంటారు. ఈ నిర్ణయంలో ఆయనది సలహా కాదు, సగం ఓటు.

ఒప్పందం సంగతి ఇంత బరువైంది కాదు, కాస్త చాకచక్యం కావాలి, అంతే. 'ప్రతిష్ఠకు భంగం' అన్న షరతు ప్రకటన ఒప్పందాల్లో మామూలే. చూడాల్సింది దాని అల్లిక. భంగం కలిగిందో లేదో తేల్చేది ఎవరు? 'కంపెనీ నిర్ణయమే తుది' అని ఉంటే ప్రమాదం. భంగం అంటే నేరం రుజువు కావడమా, అరెస్టా, లేక 'వివాదం' అన్న గాలి మాటా? రద్దయితే మిగతా వాయిదాలు ఆగుతాయా, లేక తీసుకున్న అడ్వాన్సు కూడా తిరిగివ్వాలా? ఈ మూడో ప్రశ్న చాలామంది చదవరు, ఇల్లు గుల్లయ్యేది అక్కడే. మీ లాయరు చేత భంగం అన్నదానికి 'నేరం రుజువైతే' అన్న అర్థం రాయించండి, ఒక మినహాయింపు చేర్పించండి: కళాకారుడి మతం, రాజకీయాభిప్రాయం, వైవాహిక స్థితి, వ్యక్తిగత సంబంధాలు, లైంగికత కారణంగా రద్దు చేయరాదు. జాబితాలో ఐదుంటే ఏ ఒక్కదాని మీదా చూపు పడదు. ఒక్కటే అడిగితే ఆ అడగడమే పెద్ద వార్త. ఒప్పుకోకపోతే రెండేళ్ళ బదులు ఏడాదికి కుదించమనండి. అదీ కాదంటే ఈ డబ్బు కోసం రెండేళ్ళు నోరు కట్టేసుకోవడానికి సిద్ధమేనా అని లెక్క వేసుకోవాలి. సిద్ధమే అనుకుంటే అందులో సిగ్గుపడాల్సిందేం లేదు, కళ్ళు తెరిచి సంతకం పెట్టండి.

గాసిప్ పేజీకి ఏమీ చెప్పకండి. లాయర్ నోటీసు పంపితే 'పేరు రాయకుండానే ఉలిక్కిపడ్డాడు' అని రెండో వార్త రాస్తారు. ఖండిస్తే ఏమవుతుందో పైన చూశాం. ఇంటర్వ్యూల్లో అడిగితే 'వ్యక్తిగత విషయాలు మాట్లాడను' అనండి, కానీ ఈ మాట పనిచెయ్యాలంటే అన్నింటికీ వర్తించాలి. పడకగది దాకా కెమెరాకు చూపించి, కుక్కపిల్ల పుట్టినరోజు పంచుకుని, ప్రేమ దగ్గరే 'వ్యక్తిగతం' అంటే అదే జవాబవుతుంది. రికీ మార్టిన్‌ను 2000లో ఒక టీవీ ఇంటర్వ్యూలో బార్బరా వాల్టర్స్ ఈ విషయం మీద గుచ్చి గుచ్చి అడిగింది. ఆయన అప్పుడు తప్పించుకున్నాడు, పదేళ్ళ తర్వాత 2010లో తన వెబ్‌సైట్‌లో తన మాటల్లో చెప్పుకున్నాడు. అలా అడగకుండా ఉండాల్సిందని ఆమె తర్వాత ఒప్పుకుంది. తప్పించుకున్నందుకు ఆయనను ఇవాళ ఎవరూ తప్పు పట్టడం లేదు.

గుట్టు ఎవరైనా బయటపెడితే కోర్టు కాపాడుతుందని మాత్రం మరీ నమ్మకం పెట్టుకోకండి. 1975లో శాన్ ఫ్రాన్సిస్కోలో అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్ మీదికి తుపాకీ గురిపెట్టిన మనిషి చెయ్యి పట్టుకుని ఆయన్ను కాపాడిన మాజీ సైనికుడు ఆలివర్ సిపుల్ గే అని పత్రికలు రాసేశాయి. ఇంట్లోవాళ్ళకు అది అలా తెలిసింది, తల్లి అతనితో మాట్లాడటం మానేసింది. అతను దావా వేస్తే అప్పీలు కోర్టు 1984లో కొట్టేసింది. ఊళ్ళో గే సమాజంలో ఎంతోమందికి ముందే తెలుసు కాబట్టి అది రహస్యం కాదు పొమ్మంది. ఎందరికి తెలుసన్నది కూడా లెక్కలోకి వస్తుందన్నమాట. ఇవాళే ఒక కాగితం తీసుకుని మూడు వరసలు గీయండి: తెలిసినవాళ్ళు, అనుమానమున్నవాళ్ళు, పేపర్లో చూసి తెలుసుకుంటే గుండె పగిలేవాళ్ళు. డ్రైవరు, మేకప్‌మ్యాన్, పాత జిమ్ ట్రైనర్, విడిపోయిన పాత స్నేహితుడు, అందరూ ఉండాలి. మొదటి వరస మీరనుకున్నదానికంటే రెట్టింపు ఉంటుంది. రాయడం అయ్యాక కాగితం చింపెయ్యండి.

అదే రోజు ఫోన్లూ చూసుకోండి. ఎవరో సాఫ్ట్‌వేర్‌తో హ్యాక్ చెయ్యడం అరుదు. జారిపోయేవి మామూలు దారుల్లోనే: ఇద్దరి ఫోటోలూ చేరే షేర్డ్ ఆల్బమ్‌లో పాత అసిస్టెంట్ ఇంకా ఉండటం, వాట్సాప్ ఏదో లాప్‌టాప్‌లో తెరిచి వదిలేయడం, ఫోటోలో దాగిన లొకేషన్ వివరం, ఒకే బుకింగ్ మీద రెండు విమాన టికెట్లు, ఎప్పుడో తీసేశాననుకున్న డేటింగ్ యాప్ ఖాతా. ఎవరైనా డబ్బడిగి బెదిరిస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇచ్చిన డబ్బే వాడి చేతిలో కొత్త సాక్ష్యం, మర్నాడు రేటు పెరుగుతుంది. చాట్ చెరపకండి, బ్లాక్ చెయ్యకండి, తిట్టకండి. నంబరు, తేదీ, ఖాతా లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి లాయరుకూ సైబర్ పోలీసులకూ ఇవ్వండి. మన స్ప్రింటర్ ద్యుతీ చంద్ 2019లో తనకో అమ్మాయితో అనుబంధం ఉందని చెప్పినప్పుడు, బెదిరింపులు రావడమూ ఒక కారణమని చెప్పింది. తానే ముందు చెప్పేస్తే బెదిరించేవాడి చేతిలో ఇంకేం మిగలదు. కానీ ఆ ఒక్క కారణం కోసమే, సిద్ధం కాకుండా చెప్పడం కాలుతున్న ఇంట్లోంచి దూకడం లాంటిది. బతుకుతారు, కాలు విరుగుతుంది.

ఇవన్నీ సర్దుకున్నాక మిగిలేది అసలు ప్రశ్న, లోకానికి చెప్పాలా అన్నది. చెప్పినవాళ్ళ అనుభవాలు ఒకేలా లేవు, ఎవరైనా ఉన్నాయంటే నమ్మకండి. బ్రిటిష్ నటుడు ఇయాన్ మెకెల్లెన్ 1988లో, నలభై ఎనిమిదేళ్ళ వయసులో, స్వలింగ ప్రేమకు వ్యతిరేకంగా వస్తున్న చట్టం మీద రేడియో చర్చలో ఉండగా చెప్పేశాడు. ప్రపంచమంతటికీ తెలిసిన సినిమా పాత్రలు ఆ తర్వాతే వచ్చాయి. అదే దేశపు నటుడు రూపర్ట్ ఎవరెట్, కెరీర్ గురించే ఆలోచించే నటుడికి బయటపడమని తాను సలహా ఇవ్వనని 2009లో అన్నాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మెకెల్లెన్‌కు అప్పటికే రంగస్థలం మీద తిరుగులేని స్థానం ఉంది, వేసే పాత్రలు రాజులవి, ముసలివాళ్ళవి. ఎవరెట్ బతుకు ప్రేమ కథల హీరోది. మీరు రెండోవైపు ఉన్నారు. వయసు ముప్పై మూడు, అభిమానుల్లో అమ్మాయిలు ఎక్కువ, చేతిలో హిట్లు రెండే. దెబ్బ తగిలితే మీకే ఎక్కువ తగులుతుంది.

ఆ దెబ్బ ఎలా ఉంటుందంటే, ఎవరూ ముఖం మీద 'గే కాబట్టి వద్దు' అనరు. 'ఈ పాత్రకు వేరే లుక్ అనుకుంటున్నాం' అంటారు, ఫోన్లు తగ్గుతాయి. అమెరికన్ టీవీ నటి ఎలెన్ డిజెనరస్ 1997 ఏప్రిల్‌లో పత్రిక ముఖచిత్రం మీదా, తన సీరియల్ పాత్ర నోటా చెప్పింది. ఆ ఎపిసోడ్‌ను 4 కోట్లమందికి పైగా చూశారు. మర్నాటి ఏడాదికల్లా సీరియల్ ఆగిపోయింది. మళ్ళీ నిలదొక్కుకుంది 2003లో మొదలైన టాక్ షోతో, అది 2022 దాకా నడిచింది. మధ్యలో ఆ ఐదేళ్ళు చూడండి. ఆ ఎపిసోడ్‌లో అతిథిగా వచ్చిన నటి లారా డెర్న్ గే కూడా కాదు, ఆ తర్వాత ఏడాదిన్నర తనకు పని దొరకలేదని ఆమే చెప్పింది. బ్రిటిష్ ఫుట్‌బాల్ ఆటగాడు జస్టిన్ ఫషాను 1990లో చెప్పాడు. సొంత తమ్ముడే పత్రికల్లో అతన్ని కాదన్నాడు. బ్రిటన్‌లో మళ్ళీ ఒక మగ ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ ఆడుతూ ఉండగా బయటపడటానికి 32 ఏళ్ళు పట్టింది, 2022లో జేక్ డేనియల్స్, పదిహేడేళ్ళవాడు.

కాలం మారిందన్నదీ నిజమే. 1981లో టెన్నిస్ క్రీడాకారిణి బిల్లీ జీన్ కింగ్ సంగతి ఒక దావా వల్ల బయటపడితే, ప్రకటనలన్నీ 24 గంటల్లో పోయాయని ఆమె చెబుతుంది. 2021లో అమెరికన్ ఫుట్‌బాలర్ కార్ల్ నాసిబ్ ఇన్‌స్టాగ్రామ్‌లో చిన్న వీడియో పెట్టి చెబితే, ఆ వెంటనే అతని జెర్సీలు ఎగబడి కొన్నారు. కానీ అరవైకి పైగా దేశాల్లో స్వలింగ సంబంధం ఇప్పటికీ నేరం. మీ సినిమాలు ఆడే, స్టేజి షోలకు పిలిచే దేశాలు వాటిలో ఉంటే ఆ దారి మూసుకున్నట్టే.

కాబట్టి మీ ముందున్నవి రెండు దారులే కావు. చెప్పకుండా ఉండిపోవడం ఒకటి, అబద్ధాలు మాత్రం మానేసి. ఇందులో పని నిలుస్తుంది, మీ సహచరుడి సహనం మాత్రం కరుగుతుంది. ఎన్నాళ్ళని ఆయనకు ఒక తేదీ చెప్పగలగాలి. రెండోది దాచకుండా, చాటకుండా బతకడం: ఆయనతో కలిసి పెళ్ళిళ్ళకూ విందులకూ వెళ్ళడం, కజిన్ అన్న మాట మానేయడం, అడిగితే 'నా మనిషి' అనడం, పత్రికలతో మాత్రం మాట్లాడకపోవడం. పరిశ్రమలో చాలామంది ఇలాగే ఉంటారు. హాయిగానే ఉంటుంది గానీ, ఎవడో ఒకడు ఫోటో అమ్ముకునే రోజు మీ చేతిలో ఉండదు. మూడోది ఇంట్లోనూ పనిలోనూ ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ వచ్చి, లోకానికి ఇంకో రెండు మూడేళ్ళకు, చేతిలో నాలుగైదు సినిమాలు నిలిచాక చెప్పడం. నాలుగోది ఇప్పుడే. మీ పరిస్థితికి నాకు మూడోది నప్పేలా కనిపిస్తోంది, కానీ పార్కింగులో కూర్చున్నది నేను కాదు. ఏది ఎంచుకున్నా విడుదలకు ముందున్న ఈ ఆరు వారాల్లో మాత్రం ప్రకటన వద్దు. నిర్మాత డబ్బు ఇరుకున పడుతుంది, 'సినిమా కోసం చేసిన స్టంటు' అన్న ముద్ర జీవితాంతం పోదు.

ఎప్పుడు చెప్పినా వరస ముఖ్యం. అమ్మకు కనీసం రెండు మూడు వారాల ముందు చెప్పాలి. ఆమె ఏడవడానికి, అలగడానికి, మళ్ళీ ఫోన్ చేయడానికి సమయం కావాలి, బంధువులకు ఏం జవాబివ్వాలో ఒక వాక్యం మీరే ఇచ్చి రావాలి. నిర్మాతకూ బ్రాండుకూ ఒకటి రెండు రోజుల ముందు, లాయరు పక్కనుండగా. అంతకంటే ముందు చెబితే పొక్కుతుంది. 2022లో నటి రెబెల్ విల్సన్‌ను ఒక ఆస్ట్రేలియా పత్రిక తన ప్రేమ సంగతి రాస్తున్నాం, రెండు రోజుల్లో స్పందించమని అడిగితే, ఆవిడే హడావుడిగా ఇన్‌స్టాగ్రామ్‌లో చెప్పేయాల్సి వచ్చింది. పత్రిక తర్వాత క్షమాపణ చెప్పిందనుకోండి, పోయిన క్షణం తిరిగి రాదు. అందుకే ప్రకటన ఇప్పుడే రాసి ఫోన్‌లో పెట్టుకోండి, ఎప్పటికీ వాడకపోయినా సరే. వంద పదాలు దాటకూడదు. 'నేను గేని' అన్న మాట రెండో వాక్యంలోకల్లా రావాలి. సహచరుడి పేరు ఉండకూడదు, క్షమాపణ ఉండకూడదు, 'ఒప్పుకుంటున్నాను' అన్న క్రియ అసలే ఉండకూడదు, అది నేరస్థుల మాట. వీడియో కంటే రాత మేలు. రాతను ముక్కలు కోసి వ్యంగ్య సంగీతం కలపలేరు. పెట్టాక ఫోన్ మూడు రోజులు వేరేవాళ్ళ చేతికివ్వండి. కామెంట్లలో బూతుల జాబితా ముందే ఫిల్టర్‌లో ఎక్కించాలి. మొదటి వారం ఫాలోయర్ల అంకెలు ఎటూ ఏమీ చెప్పవు.

తర్వాత వచ్చే బరువొకటి ఎవరూ ముందు చెప్పరు. ప్రతి వివాదానికీ మీ స్పందన అడుగుతారు. వందల మంది పిల్లలు మెసేజ్‌లు పెడతారు, వాళ్ళలో కొందరు చావు గురించి రాస్తారు. మీరు సైకాలజిస్టు కారు. హెల్ప్‌లైన్ నంబర్లతో ఒక జవాబు, ఆ మెసేజ్‌లను రోజూ చూసే మనిషి ఒకరు ముందే ఉండాలి.

ఇక మీ స్నేహితుడి 'పిరికివాడు' అన్న మాట. పేరున్నవాళ్ళు చెబితే పేరు లేనివాళ్ళకు ధైర్యం వస్తుందన్నది నిజం, కాదనను. కానీ అది బలవంతంగా వసూలు చేసే బాకీ కాదు. 2022లో కిట్ కానర్ అనే పద్దెనిమిదేళ్ళ నటుడు, తెర మీద ద్విలింగ ప్రేమికుడి పాత్ర వేశాడని, నిజ జీవితంలో ఏమిటో చెప్పి తీరాలని జనం వెంటపడితే, చెప్పి, చెప్పించిన వాళ్ళనూ కడిగేశాడు. అలా వసూలు చేసినవాళ్ళలో చాలామంది తమను తాము మీ స్నేహితుడి పక్షం అనుకునేవాళ్ళే. ఇంకోవైపు బాస్కెట్‌బాల్ ఆటగాడు జేసన్ కాలిన్స్ ఉన్నాడు. 1998లో గే అయినందుకు హత్యకు గురైన ఒక విద్యార్థి గుర్తుగా 98 నంబరు జెర్సీ వేసుకుని 2012-13 సీజన్ ఆడాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. సీజన్ అయ్యాక, 2013 ఏప్రిల్‌లో చెప్పాడు. నోరు విప్పకముందు చెయ్యగలిగినవీ ఉన్నాయి: గేలను వెకిలి చేసే సీను స్క్రిప్టులో ఉంటే తీసెయ్యమనడం, షూటింగులో ఎవరినైనా ఏడిపిస్తుంటే ఆపడం, హెల్ప్‌లైన్ నడిపే సంస్థకు పేరు లేకుండా డబ్బివ్వడం. నిర్మాత కళ్ళల్లోకి చూసి 'ఈ కామెడీ ట్రాక్ వద్దు' అనడానికి కావాల్సిన ధైర్యం మీ స్నేహితుడు అనుకునేంత తక్కువేం కాదు.

ఆ కుర్రాడికి ఈ వారమే జవాబివ్వండి, రెండు నెలలు చాలా ఎక్కువ. 'నేనూ' అని రాయకండి. వాడు మంచివాడే కావచ్చు, కానీ పందొమ్మిదేళ్ళ వయసులో అంత సంతోషం దాచుకోవడం ఎవరి వల్లా కాదు. వాడు రాసింది చదివానని, వాడిలో ఏ లోపమూ లేదని, ఇంట్లో చెప్పడానికి తొందరేం లేదని, తిండికీ చదువుకూ వాళ్ళ మీదే ఆధారపడి ఉంటే కాళ్ళమీద నిలబడేదాకా ఆగడం తప్పేం కాదని, ముందు నమ్మకమున్న ఒక్క మనిషికి చెప్పుకోమని, మరీ భారంగా ఉన్న రాత్రి ఫోన్ చేయడానికి ఈ నంబరని రాయండి. నాలుగైదు వాక్యాలు చాలు. అది స్క్రీన్‌షాట్ అయి రేపు ఏ పేజీలోనో కనిపించినా, కింద మీ పేరు చూసి మీరు ఇబ్బంది పడకుండా ఉండేలా రాసి, పంపెయ్యండి.